నల్లకాడ ఫెర్నూ, మా అత్తయ్య బ్రష్షూ

ముందే ఒక మాట చెప్పేస్తాను. మా అత్తయ్యంటే నాకు ప్రాణం. ఇంత తొందరగా ఎందుకు చెబుతున్నానంటే, ఇంకాసేపట్లో ఆవిడ మీద నాలుగు చాడీలు చెప్పబోతున్నాను. అత్త మీద కోడలు చాడీ చెబితే వినడానికి జనం చెవి కోసుకుంటారు, అసలు సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. అందుకని దాన్ని ముందే పెట్టేస్తున్నా: ఈ ఇంట్లో నాకు దొరికిన మంచిలో సగం ఆవిడ చేతి చలవే. మిగతా సగం ఆవిడ కన్న కొడుకు. ఆయన సంగతి ఇప్పుడు అనవసరం.

ఇక చాడీలు. నేను కడిగిన గ్లాసును ఆవిడ మళ్ళీ కడిగేది. నేను వంటింట్లోకి వచ్చిన మొదటి రోజు నుంచీ ఇదే తంతు. నేను తోమి, కడిగి, బోర్లించి చెయ్యి తుడుచుకునేలోగా ఆవిడ నిశ్శబ్దంగా వచ్చి ఆ గ్లాసు తీసి, లోపల వేలుపెట్టి తిప్పి, కీచుమనకపోతే మళ్ళీ సింకులో పెట్టేది. ఒక్క మాట అనేది కాదు. అంటే నేనూ నాలుగనేదాన్ని కదా! ఆ అవకాశం కూడా లేదు. మొదట్లో ఒకరోజు ఉక్రోషం పట్టలేక మా ఆయన దగ్గర ఏడిచాను. ఆయన నవ్వి, "నీకు గ్లాసులే కదా. నేను స్నానం చేసి వస్తే నన్నే మళ్ళీ కడిగేది. పదో తరగతి దాకా చెవుల వెనక చూసి గానీ బడికి పంపలేదు" అన్నాడు.

ఆవిడ ఉద్యోగమే అది, కడగడం. మామయ్య పోయాక ఊరి నర్సరీలో చేరింది. పెద్ద అద్దాల గది వెనక రేకుల షెడ్డు, అందులో రెండు సిమెంటు తొట్లు. ఒకదాంట్లో కుండీలు నానబెట్టడం, రెండోదాంట్లో రుద్ది కడగడం. కుండీకి ఏ మూల పాచి మిగిలినా తర్వాత పెట్టే మొక్కకి తెగులు వస్తుంది, అందుకని అక్కడ పాచి అంటే పగ. మా అత్తయ్య గట్టి పళ్ళ బ్రష్షు పట్టుకుని ఆ పగ తీర్చుకునేది. కుండీలయ్యాక తొట్లు, తొట్లయ్యాక గచ్చు, గచ్చయ్యాక అద్దాలు. నర్సరీలో అందరూ ఆవిణ్ణి "పాచి పోలీసు" అనేవాళ్ళు. ఎదురుగానే అనేవాళ్ళు. ఆవిడ అదేదో బిరుదిచ్చినట్టు సంబరపడేది.

ఈ పాచి పోలీసు జీవితంలో ఒక్కసారి మాత్రం లంచం పుచ్చుకోకుండానే ఒక దొంగను వదిలేసింది. నర్సరీలో పాత పంపు గది ఉండేది, సున్నపు గోడలది. వెల్ల వెయ్యాలి, గోడంతా రుద్దెయ్యమన్నాడు సూపర్వైజరు. ఈవిడ రుద్దుకుంటూ వచ్చి, నీటి గొట్టం కారే మూల దగ్గర ఆగిపోయింది. గోడ పగులులోంచి జానెడు కుచ్చు ఒకటి వేలాడుతోంది. నల్లటి సన్నటి కాడలు, వాటికి రెండు పక్కలా చిట్టి చిట్టి ఆకులు. "తలస్నానం చేయించి దువ్వినట్టు ఉంది అమ్మాయ్. కడిగే పనేముందక్కడ?" అనేది నాకు చెప్పినప్పుడల్లా. ఆ జానెడు చోటూ వదిలేసి మిగతా గోడ రుద్దింది. సూపర్వైజరు చూసి ఒంటికాలి మీద లేచాడట. "శుభ్రంగా ఉన్నదాన్ని శుభ్రం చెయ్యడం నాకు రాదు" అని బ్రష్షు ఆయన చేతిలో పెట్టింది. ఆయన చెయ్యడుగా! కుచ్చు నిలిచింది.

కొన్నాళ్ళకి ఒక మొక్కల మేడమ్ వచ్చింది. ఊరి బయట పాడుబడిన రాతి క్వారీ ఉంది, రాయి అయిపోయాక తవ్వినవాళ్ళు గుంతను అలాగే వదిలేసి పోయారు. దాన్ని మళ్ళీ మునుపటి అడవిలా చేసే పని ఆవిడది. ఆ నేలకు చెందిన మొక్కలనే వెతికి, పెంచి, అక్కడే నాటాలి. వాటికోసం నర్సరీలో తిరుగుతూ పంపు గది మూలకు వచ్చి నిలబడిపోయింది. ఆ కుచ్చు ఒక ఫెర్న్ మొక్క. ఒకప్పుడు ఆ క్వారీ రాతి మీద నీరు ఊరే చోటే ఉండేది, చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. రాయితో పాటే పోయిందనుకున్నారు. ఆ క్వారీ రాయి తెచ్చి ఈ గోడ కట్టినప్పుడు, దాంతోపాటు ఇదీ వచ్చి ఉంటుందని మేడమ్ అంది. పేరేదో చెప్పింది, నోరు తిరగనిది. మా అత్తయ్య "నల్లకాడ" అని పెట్టేసింది. చివరికి మేడమ్ కూడా అదే అనడం మొదలుపెట్టింది.

"దీన్ని ఎవరు కాపాడారు?" అని మేడమ్ అడిగితే, సూపర్వైజరు ఒక అడుగు ముందుకేశాడట. ఆ అడుగు గురించి చెప్పేటప్పుడు మా అత్తయ్య లేచి నిలబడి నటించి చూపించేది.

అలా ఆవిడ కుండీల దగ్గర్నుంచి ట్రేల దగ్గరికి మారింది. ఫెర్నుకి పువ్వుండదు, కాయుండదు, గింజుండదు. ముదురు ఆకు వెనక అంచుల్లో గోధుమరంగు గీతలు వస్తాయి. తెలియనివాళ్ళు తెగులనుకుంటారు. అవి ఎండి రాలే పొడే దాని విత్తనం అనుకోండి. పాత గోడల సున్నపు గచ్చు నూరి మట్టిలో కలిపి, మరిగే నీళ్ళు పోసి చల్లార్చి, ఆ పొడి చల్లి పైన అద్దం మూయాలి. మొదట ట్రే అంతా పచ్చగా కమ్ముతుంది. తర్వాత ఆ పచ్చదనం మినపగింజంత చిన్న చిన్న ముక్కలుగా, చివర నొక్కు పడిన బొట్టుబిళ్ళల్లా తేలుతుంది. వాటి కింద తడి ఆరకుండా ఉంటే, ఒక్కోదాన్లోంచి మొదటి ఆకు లేస్తుంది. ఈలోగా ఎక్కడైనా పాచి చేరిందా, పిల్లలన్నిటినీ కప్పేసి చంపేస్తుంది. మరి పాచిని పట్టడంలో మా అత్తయ్యను మించినవాళ్ళెవరు? ఆవిడ ట్రేల్లో మొక్కలు లేచాయి. క్వారీలో నీరూరే నీడ గోడ పగుళ్ళలో వాటిని నాటారు. బతికాయి కూడా.

అక్కడితో కథ కంచికి చేరాల్సింది. కానీ మేడమ్‌కి సంతోషం లేదు.

"మనం నాటినవి బతికితే చాలదమ్మా" అంది మా అత్తయ్యతో. "వాటంతటవి పిల్లలు పెట్టాలి. మనం వెళ్ళిపోయినా అవి ఉండాలి. అప్పుడే అది అడవి. లేకపోతే పెద్ద సైజు కుండీ, అంతే."

ఆ మాట మా అత్తయ్య గుండెలో ముల్లులా దిగింది. ఆ రోజు నుంచి నల్లకాడ పిల్లల కోసం ఎదురుచూసినంతగా నా పెళ్ళి కోసం మా అమ్మ కూడా ఎదురుచూడలేదు. ప్రతివారం సెలవు రోజున బస్సెక్కి క్వారీకి వెళ్ళేది. సంచిలో నీళ్ళ సీసా, తడిగుడ్డ, పొడి పొట్లం, ఆ బ్రష్షు. పగుళ్ళలో గచ్చు నింపి, తన చేత్తో పొడి చల్లి, తడిగుడ్డ కప్పి వచ్చేది. మళ్ళీ వారం వెళ్ళేసరికి కారే నీరు ఆ పొడిని కడిగేసేది. మళ్ళీ చల్లేది. ఏళ్ళు గడిచాయి. పెద్ద మొక్కలు పచ్చగా ఉన్నాయి, పిల్ల మాత్రం ఒక్కటి లేదు. మేడమ్ నీళ్ళు పరీక్ష చేయించింది, నీడ కొలిచింది, గచ్చు మార్చింది. ఎక్కడా తేడా లేదు. "రాయి చూడండి, ఎంత శుభ్రంగా ఉందో! ఇక్కడ మొలవడానికి వీటికేం బాధ?" అనేదట. రాయి శుభ్రంగా ఉందన్నందుకు మా అత్తయ్య మొహం వెలిగిపోయేది.

ఈలోగా ఆవిడ కళ్ళకు శుక్లాలు వచ్చాయి. గ్లాసును చూడ్డం మానేసి ఒట్టి వేలితోనే తడిమేది. ఆపరేషన్ చేయించుకోమంటే, "ముందు నల్లకాడ పిల్లల సంగతి తేలనీ" అనేది. "పిల్లలు పుట్టినా కనబడాలి కదా అత్తయ్యా!" అని నేనంటే, "పుడితే వాసనకే తెలుస్తుంది పో" అని కసిరేది. ముక్కు మీద కోపం, ఆ ముక్కు మీద కళ్ళజోడు.

ఒక సాయంత్రం ఆవిడ నర్సరీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూర్చుంది. సంగతేమిటంటే, వానాకాలం వెళ్ళాక క్వారీ పని చూడడానికి ఒక కమిటీ వస్తుందట. అప్పటికి నల్లకాడ తనంతట తాను ఒక్క పిల్లనైనా పెట్టకపోతే, ఆ గోడ మీద పని దండగని తేల్చి, అక్కడ ఊరే నీటిని గొట్టంలోకి మళ్ళించి పైన కొత్తగా నాటిన చెట్లకు ఇస్తారు. నీరు మళ్ళితే గోడ ఎండుతుంది. గోడ ఎండితే నాటిన నల్లకాడలూ పోతాయి.

"ట్రేల్లో ఉంటాయిగా అమ్మా" అన్నాడు మా ఆయన, ఓదార్చబోయి.

"ట్రేలో ఎన్నాళ్ళురా? నేను రుద్దినన్నాళ్ళు. నా తర్వాత?" అంది.

ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే. కన్నీళ్ళు కూడా వెంటనే తుడిచేసుకుంది, రెండుసార్లు.

గోరుచుట్టు మీద రోకలిపోటన్నట్టు, ఆ వారమే బస్సు మెట్టు కనబడక జారింది. దెబ్బ పెద్దది కాదు గానీ మా ఆయన ఇక మాట వినలేదు. వానలు మొదలవకముందే ఒక కంటికి ఆపరేషన్ అయింది, కొన్ని వారాలకు రెండో కంటికి. వంగకూడదు, బరువెత్తకూడదు, కళ్ళలో నీళ్ళు పడకూడదు, దుమ్ములోకి పోకూడదు అన్నాడు డాక్టరు. ఆవిడ బతుకంతా ఆ నాలుగు పనులే! పోనీ నేను క్వారీకి వెళ్ళి చూసి వస్తానంటే, వానకి మట్టిపెళ్ళలు విరిగిపడి దారి మూసుకుపోయింది. మేడమ్‌ని కూడా వెళ్ళనివ్వలేదు.

ఆ వానాకాలం మా ఇల్లు చూడాలి. నల్లకళ్ళజోడు పెట్టుకుని కుర్చీలో కూర్చుని, వాన పడుతున్నంతసేపూ, "పాచి పట్టేస్తుంది... ఆ గోడంతా పాచి పట్టేస్తుంది" అని ఒకటే సణుగుడు. నేను గ్లాసులు కడుగుతుంటే చెవులు రిక్కించి వినేది. కీచుమన్న చప్పుడు రాకపోతే దగ్గేది.

కానీ ఆ రోజులే నాకు ఇష్టం. మొహం మీద నీళ్ళు పోసుకోకూడదు కాబట్టి, రోజూ పొద్దున్న నేనే తడిగుడ్డతో తుడిచేదాన్ని. నుదురు, బుగ్గలు, మెడ. ఆవిడ చిన్నపిల్లలా గడ్డం పైకెత్తి కూర్చునేది. "చెవుల వెనక తుడవలేదు" అనేది. తుడిచేదాన్ని. "ఇంకోసారి" అనేది. నాకు తల్లి దూరం, అత్తిల్లు కొత్త అనుకున్న రోజుల్లో ఈవిడే నాకు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది. ఆ సేవలో కొంచెమైనా తిరిగి చెయ్యనిచ్చిన ఆ శుక్లాలకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

వానలు వెలిశాయి. దారి తెరిచారు. కమిటీ రావడానికి ముందు మేడమ్ ఒకసారి చూసి వద్దామంది. డాక్టరు సరేనన్నాడు. సంచి నేను పట్టుకున్నాను. బరువుగా ఉందేమని చూస్తే అడుగున బ్రష్షు.

"ఇదెందుకు అత్తయ్యా ఇప్పుడు?"

"కమిటీ వాళ్ళొచ్చేలోగా గోడకి కాస్త మొహం కడగొద్దూ? పిల్లలు ఎలాగూ లేరు. మర్యాదైనా దక్కనీ."

క్వారీలోకి దిగాం. మేడమ్ దారి పక్క విరిగిపడిన మట్టిని చూస్తూ వెనకబడింది. మేమిద్దరం గోడ దగ్గరికి వెళ్ళాం. గోడంతా పచ్చగా కమ్మేసి ఉంది. పెద్ద నల్లకాడలు పగుళ్ళలోంచి వేలాడుతున్నాయి, వాటి కింద తడి రాయి మీద అరచెయ్యంత మేర కూడా వదలకుండా ఒకటే పచ్చదనం.

"చూశావా? నేననలేదూ?" అంది అత్తయ్య. చెయ్యి చాపింది. నేను బ్రష్షు ఇచ్చాను. ఆవిడ నడుం వంచకుండా, ఛాతీ ఎత్తున ఉన్న రాయికి బ్రష్షు ఆనించింది.

ఆనించి, ఆగిపోయింది. పంపు గది గోడ దగ్గర ఎలా ఆగిందో నేను చూడలేదు. ఇలాగే ఆగి ఉంటుంది.

"అమ్మాయ్, ఈ కళ్ళజోడు తియ్యి."

తీశాను. ముక్కు రాతికి తగిలేంత దగ్గరగా వెళ్ళింది. చాలాసేపు చూసింది.

"ఇది నీకూ కనబడుతోందా? లేక కొత్త కళ్ళు నాతో ఆడుకుంటున్నాయా?"

నేనూ వంగి చూశాను. ఆ పచ్చదనం పాచి కాదు. మినపగింజంత బొట్టుబిళ్ళలు, ఒకదాని పక్కన ఒకటి, చివర నొక్కు పడినవి. వాటి మధ్య నుంచి అక్కడక్కడా దారప్పోగులాంటి నల్ల కాడ, దాని కొసన గోరంత ఆకు. ఒకటి చూశాక పక్కన ఇంకోటి. ఇంకోటి. గోడ పొడుగునా అవే.

"మేడమ్!" అని అత్తయ్య పెట్టిన కేకకి గుంతలో పిట్టలన్నీ లేచాయి.

మేడమ్ పరుగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ఏడుస్తూనే నవ్వింది. "వాటంతటవే వచ్చాయమ్మా! గాలికి రాలిన పొడి నుంచే! ఇన్నేళ్ళూ రానిది ఈసారెలా వచ్చాయో."

అత్తయ్య నవ్వలేదు. చేతిలో బ్రష్షు వంక చూస్తోంది.

"మేడమ్, ప్రతివారం ఇక్కడ నేను రుద్దేదాన్ని కదా" అంది మెల్లగా.

"ఏం రుద్దేవారు?"

"ఈ పచ్చదనమే. నేను చల్లిన పగుళ్ళ జోలికి పోయేదాన్ని కాదు. చుట్టూరా రుద్దేదాన్ని, పాచి వాటిమీదికి పాకకుండా."

ఈ రుద్దుడు సంగతి మేడమ్ ఇన్నేళ్ళూ ఎరగదు. ఆవిడకి ఎవరు చెబుతారు? ఇంట్లో అన్నం తిన్నామని ఊళ్ళో చాటింపు వేయించుకుంటామా? మా అత్తయ్యకి రుద్దడం అంతే. ట్రేలో వచ్చే పచ్చదనం తన చేత్తో చల్లింది, కాబట్టి అది బిడ్డ. రాతి మీద వచ్చేది ఎవరూ చల్లంది. ఎవరూ చల్లకుండా వచ్చేది నర్సరీ లెక్కలో పాచే. ఆ లెక్క నర్సరీలో ఒక్కసారీ తప్పలేదు.

"చేజేతులా..." అని అత్తయ్య అక్కడే రాయి మీద కూలబడింది. "ఎన్ని ఏళ్ళు! ఎన్ని పిల్లల్ని! ఒక్క వానాకాలం నేను రాకపోతే చాలిందా దానికి?"

మేడమ్ ఆవిడ పక్కన, ఆ తడి రాతి మీదే కూర్చుంది.

"ఆ పంపు గది గోడ మీద జానెడు చోటు మీరు వదలకపోతే, ఇవాళ ఈ గోడ మీద ఏముండేదమ్మా?"

"అక్కడ వదిలాను. అక్కడ వదలడం తెలిసింది, ఇక్కడ తెలియలేదు" అంది అత్తయ్య. బ్రష్షు పక్కన పెట్టి మళ్ళీ అంది: "పోనీలే. కళ్ళు పొరలు కట్టి నన్ను ఇంట్లో కూర్చోబెట్టాయి. వానలు దారి మూశాయి. ఎవరి పుణ్యమో గానీ, అందరూ కలిసి నా చెయ్యి పట్టుకుని ఆపారు." అని రెండు చేతులూ జోడించింది. గోడకో, కళ్ళకో, వానకో తెలియదు. మూడింటికీ అనుకుంటా.

కమిటీ వచ్చింది. చూసింది. నీరు ఎక్కడికీ మళ్ళదని అక్కడికక్కడే చెప్పి వెళ్ళింది. వాళ్ళలో ఒకాయన మా అత్తయ్య దగ్గరికి వచ్చి, "ఇన్నేళ్ళూ రానివి ఇప్పుడొచ్చాయంటే, ఏం మందు వేశారమ్మా?" అని అడిగాడు.

"వాటికేం వెయ్యలేదు బాబూ, నాకు కళ్ళ ఆపరేషన్ చేయించారు" అంది ఆవిడ.

ఆయనకి అర్థం కాలేదు. మేడమ్ అటు తిరిగి నవ్వుకుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక అత్తయ్యకి దాహం వేసింది. నేను అప్పుడే గ్లాసులు కడిగి బోర్లించాను. ఆవిడ వంటింట్లోకి వచ్చి ఒక గ్లాసు తీసింది. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. దాని అంచున సన్నటి టీ మరక ఉండిపోయింది. నాకే కనబడుతోంది, కొత్త కళ్ళకి కనబడదా? కనబడింది. ఆవిడ చూపు సరిగ్గా అక్కడే ఆగింది. వేలు లోపలికి వెళ్ళబోయి, వెనక్కి వచ్చింది.

అందులోనే నీళ్ళు పోసుకుని, మరక ఉన్న వైపు నుంచే, గటగటా తాగేసింది.

"చల్లగా ఉన్నాయి అమ్మాయ్" అని గ్లాసు నా చేతికిచ్చి, తలమీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి ఆవిడ ఏ గ్లాసూ మళ్ళీ కడగలేదు. నేనే ఒక్కోదాన్ని రెండుసార్లు కడుగుతున్నాను.